పద్నాలుగో నంబరు సంచి

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం మొదలుపెట్టడానికే మూడు కాగితాలు పాడయ్యాయి. మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియలేదు. ఇంట్లో అయితే 'ఏమండీ' అంటే సరిపోయేది. కాగితం మీద అదే మాట రాస్తే పక్కింటి వాళ్ళని పిలిచినట్టుంది. అత్తయ్యను అడిగాను. "నీ మొగుణ్ని ఏమని పిలవాలో నన్నడుగుతావేంటే? నేనైతే వెధవా అంటాను. అదే రాసుకో" అన్నారు. అందుకని 'మీకు' అని రాసి ఊరుకున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది కదా, తప్పులుంటే మీలో మీరే నవ్వుకోండి. ఎవరికీ చూపించకండి.

మీరు కొండ మీది మేకల ఫారానికి వెళ్ళి మూడు వారాలైంది. మీరు చెప్పి వెళ్ళినట్టే సోమవారం నుంచి అల్లికల షెడ్డులో పనికి వెళ్తున్నాను. కిటికీ పక్కన కుర్చీ ఇచ్చారు. మొదటిరోజు అమ్మగారు, అంటే షెడ్డు యజమానురాలు, నా ముందు రెండు కుప్పలు పోసి చూపించారు. మేక ఒంటిమీద పైన ఉండేవి ముతక వెంట్రుకలు. వాటి కింద, చలికాలంలో పుట్టేది నూగు. కొనేవాళ్ళు దాన్నే కాష్మీర్ అంటారట. మీరు దువ్వి పంపే సంచుల్లోంచి ముతక వెంట్రుకలు ఏరి పారేసి నూగు మిగల్చడం పొద్దుటి పని. మధ్యాహ్నం నుంచి అల్లిక. రంగులు వెయ్యరు. మేక ఏ రంగైతే స్వెటరు ఆ రంగే. చిరిగిన స్వెటర్లు ఎన్నేళ్ళ తర్వాత వెనక్కి వచ్చినా కుట్టి పంపుతారు.

అమ్మగారి పట్టుదల ఒక్కటే. ఎండాకాలం ముందు మేక తనంతట తాను రాల్చే నూగునే దువ్వెనతో తియ్యాలి. కత్తెర తగలకూడదు. "కత్తిరిస్తే మేక చలికి ఒణుకుతుంది, పోగు పొట్టిదైపోతుంది, స్వెటరు రెండేళ్ళకే ఉండలు కడుతుంది. ముగ్గురికీ అన్యాయమే" అన్నారు. నేను తల ఊపాను. నోరు తెరవలేదు. నాకు నోరుందో లేదో అని అక్కడ వాళ్ళకి అనుమానం వచ్చే ఉంటుంది.

ప్రతి స్వెటరులో మెడ దగ్గర ఒక చిన్న గుడ్డముక్క కుడతారు. దానిమీద రెండు నంబర్లు. దువ్విన మనిషిది ఒకటి, అల్లిన మనిషిది ఒకటి. మీది పద్నాలుగు. నాకు ముప్పై ఒకటి ఇచ్చారు. రెండు నంబర్లూ పక్కపక్కన కుడుతుంటే మన పెళ్లికార్డు గుర్తొచ్చింది.

ఇంకొకటి రాయనా? మనం కలిసి ఉన్న నాలుగు నెలలూ మీరు గదిలోకి వచ్చేముందు ఒకసారి దగ్గేవారు. నేను కంగారు పడకూడదని. ఇప్పుడు వీధిలో ఎవరు దగ్గినా లేచి నిలబడుతున్నాను.

మీ
ముప్పై ఒకటి

*

ప్రియమైన ముప్పై ఒకటి గారికి,

పద్నాలుగు నంబరు నమస్కారం. వ్యాను డ్రైవరు నీ ఉత్తరం చేతిలో పెట్టి వెళ్ళగానే నిలబడే చదివేశాను. తర్వాత కూర్చుని చదివాను. వారానికి ఒక్క వ్యానే వస్తుంది కాబట్టి మిగతా ఆరు రోజులూ అదే మళ్ళీ చదువుకున్నాను. తప్పులేమీ కనబడలేదు. ఉన్నా నాకు తెలిసే చదువు కాదు నాది.

పని సులువే, ఓపిక కావాలి. మేకను పక్కకి ఆనించుకుని, మెడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి దువ్వుకుంటూ పోవాలి. ఒక్కోదాన్ని వారం విడిచి వారం రెండుమూడుసార్లు దువ్వితే గాని నూగంతా రాదు. ఒక మేక మొత్తానికి ఇచ్చేది రెండు గుప్పిళ్ళు. నాలుగు మేకలు కలిస్తే ఒక స్వెటరు.

నేను ఒంటరిగా ఉన్నానని బెంగపెట్టుకోకు. ఇక్కడ మంచి తోడు దొరికింది. లాయరుగారని ఒకాయన ఉన్నారు. నేనేమన్నా ఒప్పుకోరు. పొద్దున్నే నా తలుపు ముందు నిలబడి పెద్ద గొంతుతో దావా వేస్తారు. పెద్దాయన ఇంకొకరు. గడ్డం తెల్లగా ఉంటుంది. తిన్నది గంటసేపు నములుతాడు. నేను చెప్పే కబుర్లన్నీ కళ్ళు మూసుకుని వింటాడు. నీ గురించి ఎక్కువగా విన్నది ఆయనే. టీచరమ్మ అని ఇంకొకావిడ. నేను పాట ఎత్తుకుంటే చాలు, తల తిప్పుకుని వెళ్ళిపోతుంది. నా నీలం చొక్కా గుండీ ఒకటి ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

అసలు సంగతి విను. ఈసారి నా సంచులన్నీ బాగున్నాయని అమ్మగారు ఒప్పుకుంటే వచ్చే ఏడాది నుంచి ఇక్కడ ఇద్దరికి సరిపోయే గది ఇస్తారు. ఏరే పని నువ్వు ఇక్కడే చేసుకోవచ్చు. తూర్పు వైపు కిటికీ ఉన్న గది. తాళం వేసి ఉంది. కిటికీ సందులోంచి రోజూ తొంగి చూస్తున్నాను. నువ్వు కుర్చీ ఎక్కడ వేసుకోవాలో కూడా అనుకున్నాను.

అమ్మకి చెప్పు, వెధవ బాగానే ఉన్నాడని.

నీ
పద్నాలుగు

*

ప్రియమైన మీకు,

మీ సంచి వచ్చింది! తాడుకి పద్నాలుగు అని బిళ్ళ కట్టి ఉంది. నాలుగైదు ఫారాల నుంచి సంచులొస్తాయి. నలుగురు ఏరేవాళ్ళం, ఎవరికి ఏది వస్తే అది. నా ఎదుట మీదే పెట్టారు. మూతి విప్పగానే మేక వాసన, ఎండుగడ్డి వాసన. చెయ్యి మోచేతి దాకా లోపల పెట్టి కాసేపు అలాగే ఉంచాను. ఎవరూ చూడలేదనే అనుకుంటున్నాను.

అమ్మగారు ఒక పోగు తీసి వెలుతురులో పట్టి, "పద్నాలుగు చెయ్యి మంచిది" అన్నారు. నా చెవులు వేడెక్కాయి.

టీచరమ్మ వయసెంతండీ? ఊరికే అడుగుతున్నాను. మీ గుండీ ఆవిడ దగ్గర ఎందుకుంది? తిరిగి ఇచ్చెయ్యమనండి, నేను కుట్టి పంపుతాను. అత్తయ్యకి చదివి వినిపిస్తే, "వాడి మొహానికి టీచరమ్మ కూడానా!" అని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇక్కడి సంగతులు ఏం రాయను? మధ్యాహ్నం అందరూ బల్ల చుట్టూ కూర్చుని తింటారు. వాళ్ళు పదేళ్ళుగా ఒకరికొకరు తెలుసు. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తిచేస్తారు. మధ్యలో నేను ఎక్కడ దూరాలో తెలియదు. అందుకని మెట్ల మీద కూర్చుని తింటున్నాను. మూడో మెట్టు మీదికి ఎండ వస్తుంది. నిన్న ఒకామె, "ఏమ్మా, మా బల్లకి ముళ్ళున్నాయా?" అంది. సరదాకే అంది. నేను 'లేవండి' అని చెప్పేలోపే వెళ్ళిపోయింది. ఇంటికొచ్చేవరకూ ఆ 'లేవండి' నోట్లోనే ఉంది.

సాయంత్రం వీధి మలుపు తిరిగేటప్పుడు మన కిటికీ వైపు చూస్తాను. దీపం ఉండదని తెలుసు. అత్తయ్య వెనకగదిలో ఉంటారు కదా. అయినా చూస్తాను.

మీరు కాస్త త్వరగా వస్తే బాగుండును. ఇది కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే అక్కడేముందోనని మీరు ఇంకా ఎక్కువ ఆలోచిస్తారని ఉంచేశాను.

మీ
ముప్పై ఒకటి

*

ప్రియమైన ముప్పై ఒకటికి,

రాయడానికి ఎక్కువ టైము లేదు. శుభవార్త. పని అనుకున్నదానికన్నా రెండు వారాలు ముందే అయిపోయేలా ఉంది. ఈ వ్యానులో రెండు సంచులు పంపుతున్నాను. నువ్వు మెట్ల మీద కూర్చుని తినడం ఇంక ఎన్నాళ్ళో కాదు.

ఇక్కడ వాన పట్టుకుంది. ఎండలు మొదలవ్వాల్సిన రోజుల్లో చలిగాలి కొడుతోంది. లాయరుగారు నాతో మాట్లాడటం లేదు. పొద్దున్న తలుపు దగ్గరికి కూడా రావడం లేదు. పెద్దాయనకి దగ్గు పట్టుకుంది. టీచరమ్మ బాగానే ఉంది, వయసు నాకు తెలియదు, నువ్వు అనవసరంగా ఆలోచించకు.

నీ
పద్నాలుగు

*

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం మీకు కష్టంగా ఉంటుంది. రాసే నాకూ అలాగే ఉంది.

మీ రెండు సంచులు వచ్చాయి. మొదటిది బాగుంది. రెండోది విప్పి గుప్పెడు తీశాను. దువ్వితే వచ్చిన నూగు వేళ్ళ మధ్య లాగితే సాగుతుంది, కొస సన్నగా ఉంటుంది. ఇది సాగలేదు. పొట్టి పొట్టి ముక్కలుగా రాలింది. వెలుతురులో చూస్తే కొసలు మొద్దుగా, ఒకే చోట తెగినట్టున్నాయి. ముతక వెంట్రుకలు సగానికి సగం ఉన్నాయి. దువ్వెనకి అన్ని ముతకవి రావు. నాకు ఈ పని వచ్చి నెల కూడా కాలేదు. నేను తప్పు చూస్తున్నానేమో అనుకుని సంచి అడుగు దాకా వెళ్ళాను. అడుగున కూడా అంతే.

మీరు కత్తెర వేశారా?

అమ్మగారు ఇంకా చూడలేదు. సంచి నా కుర్చీ కింద పెట్టి కాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చుంటున్నాను. అందరూ నేను సిగ్గుపడి ముడుచుకున్నాననుకుంటున్నారు. నా సిగ్గు ఇన్నాళ్ళకి దేనికో ఒకదానికి పనికొచ్చింది.

తూర్పు కిటికీ గది గురించి నాకూ ఆశ ఉంది. మీకన్నా ఎక్కువే ఉందేమో. మీరు నిజం రాయండి. మీ జవాబు వచ్చాకే ఏదైనా చేస్తాను.

పెద్దాయనకి మిరియాలు వేసి కాచిన వేడినీళ్ళు ఇవ్వండి.

మీ
ముప్పై ఒకటి

*

ప్రియమైన నీకు,

వేశాను. ఆరు మేకలకి.

ఎవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. కత్తెర గిట్టల దగ్గర బొచ్చు తీయడానికని సామాన్ల గదిలో ఉంటుంది. నీ ఉత్తరం చదివాను. మూడో మెట్టు మీద ఎండ వస్తుందని రాశావు చూడు, అది చదివాక దువ్వెన చేతిలో నిలవలేదు. ఒక్కో మేకకి మూడు వారాలు ఆగాలి. కత్తెరతో అయితే పావుగంట. ఆరింటిని అలా చేసేస్తే రెండు వారాలు కలిసొస్తాయని లెక్కవేశాను. ఎలాగూ ఎండలొస్తున్నాయి, వాటికేం కాదులే అనుకున్నాను. ఆ మర్నాడే వాన మొదలైంది. నా దుప్పటి, గోనెసంచులు, ఏవి దొరికితే అవి కప్పుతున్నాను. జారిపోతున్నాయి.

నిన్ను ఒకటి అడుగుతాను. ఆ సంచిని కొంచెం కొంచెంగా మిగతావాటిలో కలిపెయ్. నాలుగు సంచుల్లో ఒక గుప్పెడు ఎవరికి తెలుస్తుంది? అమ్మగారికి చెబితే గది పోతుంది. ఈ ఏడాదికి స్వెటర్ల మీంచి నా నంబరు కూడా తీసేస్తారు. ఇంకో ఏడాది నువ్వక్కడ, నేనిక్కడ. అది నావల్ల కాదు. నీ చేతిలో ఉంది.

లాయరుగారు వెళ్ళిపోయారు. ఇంక వాదించడానికి కూడా ఎవరూ లేరు. పెద్దాయన సరిగ్గా తినడం లేదు.

నీ
పద్నాలుగు

*

రెండు వ్యాన్లు వచ్చి వెళ్ళాయి. నీ ఉత్తరం లేదు. డ్రైవరు సీటు కింద కూడా వెతికాను. కోపమొచ్చిందా? చెప్పేశావా? ఏదైనా రాయి. తిట్టినా సరే.

*

ప్రియమైన మీకు,

ఇది మీ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మీ కలంతోనే.

వ్యాను రేపు రావాల్సింది. రేపు వాన ఎక్కువని అమ్మగారు ఒకరోజు ముందే పంపించారు. మేము వచ్చేసరికి మీరు లేరు, మందని అవతలి వాలుకి తోలుకెళ్ళారు. గంటకన్నా ఆగనన్నాడు డ్రైవరు. అందుకని రాయడం మొదలుపెట్టాను. ఎదురుగా ఉన్నా ఇవన్నీ నోటితో చెప్పేదాన్ని కాదు, మీకు తెలుసు.

మీ సంచి వేటిలోనూ కలపలేదు. కలుపుదామనే ఒకరోజంతా కూర్చున్నాను. ఒక గుప్పెడు తీసి పక్క సంచి మూతి దాకా తీసుకెళ్ళాను కూడా. ఆ సంచి మీద కూడా పద్నాలుగే ఉంది. మీరు మంచిగా దువ్వింది. నా చేతులు ఆగిపోయాయి.

సాయంత్రం అందరూ ఉండగానే లేచి నిలబడ్డాను. "అమ్మగారూ, ఈ సంచిలో ఉన్నది కత్తిరించిన నూగు. పద్నాలుగు నంబరుది. ఆయన మా ఆయన" అన్నాను. షెడ్డులో నా మొదటి మాటలు అవే. మిగతా ముగ్గురు ఏరేవాళ్ళూ చేతులు ఆపేసి చూశారు. అమ్మగారు గుప్పెడు తీసి వెలుతురులో పట్టి చూశారు. తర్వాత, "మేకలెన్ని?" అని అడిగారు. ఆరు అన్నాను. "వాటికి ముందు ఒంటిమీదికి ఏదైనా చూడాలి. నంబరు సంగతి తర్వాత" అన్నారు.

తర్వాత చూశారు. పని ఉంటుంది గాని, మీ నంబరు ఈ ఏడాదికి లేదు. గది కూడా లేదు. నేనే పోగొట్టాను. మీరు కోప్పడితే నేను పడతాను.

స్వెటర్లకి పనికిరాని ఆ పొట్టి నూగునీ, పారేసే ముతక వెంట్రుకలనీ కలిపి, మేకలకి కోట్లు అల్లడానికి లావుగా వడకమన్నారు. మెడ నుంచి తోక దాకా ఎంత, పొట్ట కింద ముడి ఎక్కడ, అన్నీ అమ్మగారే కాగితం మీద గీసిచ్చారు. రెండు వారాలు పొద్దున్న షెడ్డులో, సాయంత్రం ఇంట్లో అల్లాను. అత్తయ్య పక్కన కూర్చుని దారం చుట్టి ఇస్తూ, "పెళ్లైన ఆడది మొగుడికి అల్లుతుంది. మా కోడలు మేకలకి అల్లుతోంది" అని వీధిలో అందరికీ చెప్పారు. ముళ్ళున్నాయా అని అడిగిందే, ఆమె రెండు కోట్లు అల్లిపెట్టింది. నేను అడగలేదు. అందుకే మీకు ఉత్తరం రాయడానికి చెయ్యి ఖాళీ లేదు. చెయ్యి ఖాళీ లేకపోవడం ఒక్కటే కాదు. ఏం రాయాలో కూడా తెలియలేదు.

ఆరు కోట్లు తెచ్చాను. పెద్దాయన కోసం వేరేగా ఒక స్వెటరు అల్లాను. చేతులు పొడుగ్గా పెట్టాను, ముసలివాళ్ళకి మణికట్టు దగ్గర చలి ఎక్కువని.

దిగగానే డ్రైవరుని అడిగాను, "పెద్దాయన ఏ గదిలో ఉంటారు?" అని.

"ఏ పెద్దాయనమ్మా?"

"దగ్గుతున్నారట. పెద్దాయన. లాయరుగారు, టీచరమ్మ... వాళ్ళంతా."

అతను నా మొహం చూసి, "తల్లీ, ఇక్కడ మీ ఆయన తప్ప ఇంకో మనిషెక్కడున్నాడు? ఈయన రాకముందే పాతవాళ్ళంతా పని మానేసి దిగిపోయారు. నేను వచ్చినప్పుడల్లా వ్యాను వెళ్ళనివ్వడు, ఇంకో టీ తాగి వెళ్ళమంటాడు" అన్నాడు.

మీ గదిలోకి వచ్చాను. ఒక పళ్ళెం, ఒక గ్లాసు, ఒక మంచం. నా ఉత్తరాలు దిండు కింద ఉన్నాయి. మడతల దగ్గర చిరిగిపోతున్నాయండీ.

తర్వాత కొట్టంలోకి వెళ్ళాను. కత్తిరించిన మేకల్ని లోపలే ఉంచారు. మేక నిలబడే ఒక్కో గడి మీద చెక్కముక్క, బొగ్గుతో మీ రాత. పెద్దాయన. టీచరమ్మ. టీచరమ్మని చూశాను. ఆవిడకి గడ్డం ఉంది. మీ గుండీ ఆవిడ దగ్గర ఎందుకు ఉండిపోయిందో ఇప్పుడర్థమైంది, అది తిరిగి ఇవ్వదు. నవ్వొచ్చింది. ఒక్కదాన్నే కొట్టంలో నిలబడి పైకి నవ్వాను. తర్వాత 'లాయరుగారు' అని రాసిన చెక్క చూశాను. ఆ గడి ఖాళీగా ఉంది. గడ్డి కూడా ఊడ్చేసి ఉంది. వెళ్ళిపోయారని రాస్తే ఇంటికి వెళ్ళారనుకున్నాను.

నేను అప్పుడే జవాబు రాసి ఉండాల్సింది. మీ ఇంట్లో మనిషి పోయినంత బాధ మీరొక్కరే పడ్డారు.

ఐదు మేకలకి కోట్లు తొడిగాను. పెద్దాయనకి కోటు మీద స్వెటరు కూడా వేశాను. పొడుగు చేతులు ముందుకాళ్ళకి సరిపోయాయి. కదలకుండా నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. మీరు రాసింది నిజమే, బాగా వింటాడు. నేను షెడ్డులో ఒక్కరికీ చెప్పనివన్నీ చెప్పాను. మధ్యలో నా చేతిలో గడ్డి రెండు పరకలు తిన్నాడు. దగ్గు ఇంకా ఉంది. ఆరో కోటు మీ మంచం మీద పెట్టాను. దాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

మీరు త్వరగా రావాలని రాసింది నేను. కత్తెర పట్టింది మీరు. ఎవరి వాటా ఎంతో నేను తేల్చలేను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఇకనుంచి ఒంటరిగా ఉంటే ఒంటరిగా ఉన్నానని రాయండి. నేను మెట్ల సంగతి రాశాను కదా, మీరూ రాయండి.

ఇప్పుడే డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. బయల్దేరేటప్పుడు అత్తయ్య నా సంచిలో ఏదో కుక్కారు. ఇందాక విప్పి చూస్తే నా బట్టలు, వారానికి సరిపడా. 

బయటికి వెళ్ళి, "మీరు వెళ్ళండి. వచ్చే వారం వస్తాను" అన్నాను. అతను వినబడలేదన్నాడు. ఈసారి గట్టిగా అన్నాను.

వ్యాను వెళ్ళిపోయింది. గది ఇవ్వకపోయినా ఈ ఒక్క మంచం గదిలో వారం రోజులు ఉంటాను. దువ్వడం నేర్పండి. తర్వాత దిగిపోతాను. మళ్ళీ ఏడాది పాటు ఉత్తరాలే అయితే ఉత్తరాలే.

అవతలి వాలు మీద గంటలు వినబడుతున్నాయి. మీరు వచ్చేస్తున్నారు. ఇది బల్ల మీద గ్లాసు కింద పెడుతున్నాను. మీరు చదువుతుంటే ఎదురుగా నిలబడటం నావల్ల కాదు. కొట్టంలో ఉంటాను, పెద్దాయన పక్కన.

చదవడం అయ్యాక లోపలికి వచ్చేముందు ఒకసారి దగ్గండి.

మీ
ముప్పై ఒకటి